పిక్సెల్ ఫాంటు

చదరపు గళ్ల వల మీద కొన్ని గళ్లు నింపి, కొన్ని ఖాళీగా వదిలి తయారుచేసిన అక్షరాల వరుసను పిక్సెల్ ఫాంటు అంటారు. ఇందులో వంపు ఉండదు, వంపులా కనిపించే మెట్లు ఉంటాయి. ఏటవాలు గీతా మెట్లే. సంక్రాంతి ముగ్గులో చుక్కలు ముందు పెట్టి గీతను వాటి చుట్టూ తిప్పుతారు. ఇక్కడ చుక్కలే గీత. ఈ కుటుంబంలో సన్నవీ, బొద్దువీ, కేవలం అయిదు గళ్ల ఎత్తులో ఇమిడిపోయేవీ ఎన్నో రకాలున్నా, లోకానికి బాగా గుర్తున్నది మాత్రం ఒక్కటే. నిలువు గీత రెండు గళ్ల మందంతో, అక్షరం ఏడు గళ్ల ఎత్తుతో, 1970ల చివర వీడియో గేమ్ యంత్రాల తెర మీద స్థిరపడ్డ బొద్దు అక్షరం అది. పాత ఆటల జ్ఞాపకం తెప్పించాలనుకున్న ప్రతి పోస్టరూ, టీషర్టూ, ఆటల మొదటి తెరా ఇవాళ దాన్నే పట్టుకుంటాయి.

ఈ బొద్దుతనాన్ని మొదట నిర్ణయించింది టీవీ గొట్టమూ, మెమరీ ధరా. అభిరుచి ఆ తర్వాతెప్పుడో వచ్చి చేరింది. ఆ రెండు ఒత్తిళ్లూ పోయి చాలా ఏళ్లయినా రూపం నిలిచిపోవడమే ఈ అక్షరాల కథలో ఆసక్తికరమైన సంగతి. తెలుగు లిపి ఆ ఒత్తిళ్ల గుండా దాదాపు నడవనే లేదు. అందుకే తెలుగులో ‘పాతకాలపు పిక్సెల్ అక్షరం’ అనుకోగానే కళ్ల ముందుకు వచ్చే రూపం ఏదీ లేదు.

గడి లెక్క

తొలినాటి కంప్యూటర్లు, ఆటయంత్రాలు తెరను చిన్నచిన్న పలకలుగా విడగొట్టుకునేవి. ఎక్కువ వాడుకలో ఉన్న పలక కొలత 8×8 గళ్లు. ఒక్కో గడికి వెలుగు, చీకటి అనే రెండు స్థితులే కనుక ఒక వరుసకు ఒక బైటు, మొత్తం అక్షరానికి ఎనిమిది బైట్లు సరిపోతాయి. ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి, అంకెలు, విరామచిహ్నాలు కలిపి 96 గుర్తులంటే 768 బైట్లు. 1982లో బ్రిటన్‌లో వచ్చిన జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్ శాశ్వత మెమరీలో అక్షరాలకు కేటాయించిన చోటు సరిగ్గా అంతే. అదే ఏడాది అమెరికాలో వచ్చిన కమొడోర్ 64 తెర మీద 40 నిలువు వరుసలు, 25 అడ్డు వరుసల అక్షరాలు పట్టేవి; అక్కడా పలక 8×8. 1977 నాటి యాపిల్ 2లో ఇంకా పొదుపు చేశారు: 5×7 గళ్లలో అక్షరాలు, అవీ పెద్దబడి మాత్రమే.

పలకలు పక్కపక్కనే అంటుకుని ఉంటాయి కనుక అక్షరానికీ అక్షరానికీ మధ్య సందు పలకలోనే ఉండాలి. కుడి పక్కన ఒక నిలువు వరుస, కింద ఒక అడ్డు వరుస ఖాళీగా వదిలితే మిగిలేది 7×7. నిలువు గీతకు రెండు గళ్లిచ్చాక ఈ ఏడు గళ్లలో ఎంత ఇరుకో చూడండి. ‘ఎం’ అనే ఇంగ్లీషు అక్షరానికి రెండు పక్కలా రెండేసి గళ్లు పోతే, నడుమ లోయ గీయడానికి మూడు గళ్లే మిగులుతాయి. ‘టి’ కాలు నడిమధ్యన నిలవాలి. రెండు గళ్ల కాలు ఏడు గళ్ల టోపీకి మధ్యకు రాదు. అందుకే ఆటయంత్రాల (ఆర్కేడ్) అక్షరంలో ‘టి’, ‘ఐ’ ఆరు గళ్ల వెడల్పుకు కుదించుకున్నాయి; ‘ఎ’ మాత్రం ఏడు గళ్లూ వాడుకుంటుంది. ఈ తేడా మామూలు కంటికి తెలియదు. తెలిసిన తర్వాత మాత్రం ఆ ‘టి’ని చూసినప్పుడల్లా అదే కనిపిస్తుంది.

చిన్నబడి అక్షరాలు ఇంకా కష్టం. గీతకు దిగువన తోక వేలాడే ‘జి’, ‘వై’ లాంటి వాటికి ఒక్క అడ్డు వరుస మిగులుతుంది. దాంతో వాటి పొట్ట పైకి నొక్కుకుపోయి కురచగా కనిపిస్తాయి. సున్నాకూ ‘ఓ’ అక్షరానికీ, ‘బి’కీ ఎనిమిదికీ, ‘ఎస్’కీ అయిదుకీ మధ్య ఒకటి రెండు గళ్లే తేడా. సున్నాలో ఏటవాలుగా గీత కొట్టే అలవాటు కంప్యూటర్ తెరల మీద అంతగా నిలిచింది ఈ గందరగోళాన్ని తప్పించడానికే.

మందం ఎందుకు వచ్చింది

గొట్టపు టీవీలో ఎలక్ట్రాన్ కిరణం తెరను ఎడమ నుంచి కుడికి గీతలు గీతలుగా తుడుస్తూ పోతుంది. అడ్డు గీత గీయాలంటే కిరణం కాసేపు వెలిగి ఉంటే చాలు. నిలువు గీతకు ప్రతి వరుసలోనూ ఒక్క క్షణం వెలిగి వెంటనే ఆరిపోవాలి. చవక తెరల సర్క్యూట్లకు అంత చురుకుదనం లేదు. కిరణం పూర్తి వెలుగుకు చేరేలోపే గడి దాటిపోతుంది. ఒక గడి మందపు నిలువు గీత అందుకే మసకగా, పక్కలకు పాకినట్టు కనిపించేది. రంగుల టీవీకి తగిలించిన ఇంటి కంప్యూటర్లలో మరో తలనొప్పి ఉండేది. అమెరికా, జపాన్‌లలో వాడిన టీవీ సంకేతంలో వెలుగూ రంగూ ఒకే తీగ మీద కలిసి వస్తాయి. వెలుగు మరీ త్వరత్వరగా మారితే టీవీ దాన్ని రంగుగా పొరబడుతుంది. తెల్లని సన్నని నిలువు గీత అంచుల్లో ఎరుపు, నీలం పులిమినట్టయ్యేది.

ఈ రెండింటికీ మందు ఒకటే: నిలువు గీతకు రెండు గళ్లు. అడ్డు గీతకు ఈ బాధ లేదు కనుక దానికి ఒక గడే చాలు. నిలువు లావు, అడ్డం సన్నం అనే ఈ అక్షరాల గుణం అలా వచ్చింది. కలం కోణం నుంచి లావు సన్నాలు పుట్టే రోమన్ అచ్చు సంప్రదాయానికి ఇది దగ్గరగా కనిపించడం కేవలం యాదృచ్ఛికం. చదువరికి అలవాటైన పోలిక అది, ఇంజనీరుకు కలిసొచ్చింది.

ఆర్కేడ్ అక్షరం

అమెరికా ఆటల సంస్థ అటారీకి అనుబంధమైన కీ గేమ్స్ 1976లో ‘క్విజ్ షో’ అనే ఆటయంత్రాన్ని విడుదల చేసింది. బంతినో తుపాకీనో కాక ప్రశ్నలనూ జవాబులనూ నమ్ముకున్న ఆట. తెర నిండా వాక్యాలు చదివించాలి కనుక చదవడానికి వీలైన అక్షరం కావాలి. ఆ ఆటలో కనిపించిన 8×8 బొద్దు అక్షరాలే తర్వాతి ఆర్కేడ్ ఫాంటుకు మూలమని అక్షరరూపకర్త తోషి ఒమగారి 2019లో వచ్చిన తన ‘ఆర్కేడ్ గేమ్ టైపోగ్రఫీ’ పుస్తకంలో గుర్తించారు. వాటిని గీసినవాడిగా అటారీ ఇంజనీరు లైల్ రెయిన్స్ పేరు చెబుతారు.

అక్షరాలు అటారీవే అయినా పేరు దక్కింది జపాన్ సంస్థ నామ్కోకి. 1974లో అటారీ జపాన్ శాఖను నామ్కో కొనుక్కుంది. ఆ తర్వాత సొంతంగా ఆటలు చేయడం మొదలుపెట్టినప్పుడు ఆ అక్షరాలే వాడింది. గెలాక్సియన్ (1979), పాక్‌మాన్ (1980) ప్రపంచమంతా తిరిగాయి. వాటితో పాటు ఆ అక్షరాలూ తిరిగాయి. మిగిలిన కంపెనీలు చిన్నాచితకా మార్పులతోనో, మార్పే లేకుండానో వాటిని తమ యంత్రాల్లోకి ఎక్కించుకున్నాయి. అమెరికా చట్టంలో అక్షరాకృతికి కాపీరైట్ రక్షణ లేకపోవడం కూడా దీనికి తోడయింది. అందుకే దీన్ని ‘నామ్కో ఫాంటు’ అనేవారూ ఉన్నారు, ‘అటారీ ఫాంటు’ అనేవారూ ఉన్నారు. ఇద్దరిదీ సగం నిజం.

ఈ అక్షరాలు గీసినవాళ్లలో అక్షరకళ చదివినవాళ్లు దాదాపు లేరు. ప్రోగ్రామర్లు, ఆటలో బొమ్మలు వేసేవాళ్లు పని మధ్యలో గళ్ల కాగితం ముందేసుకుని గీసినవే ఎక్కువ. అయినా వాటిలో నేర్పు తక్కువేమీ లేదు. ఒక పలకకు ఒక రంగు అనే నియమం సడలి, పలకలో మూడు రంగులు వాడుకోవడానికి వీలు దొరకగానే లోహపు మెరుపు, నీడ, చెక్కిన అంచు అన్నీ ఆ ఏడు గళ్లలోనే దింపారు. 8×8లో వెండిమెరుపు చూపించడమంటే చిన్న విషయం కాదు. నా దృష్టిలో ఈ కళ శిఖరం 1980ల మధ్య ఆటల్లోనే ఉంది. తర్వాత తెరలు పెద్దవై పని సులువైంది, తెగువ తగ్గింది.

1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫామికామ్ ఆటపెట్టె కూడా 8×8 పలకల మీదే నడిచింది. పలకకు 16 బైట్లు, తెర 256×240 గళ్లు. ఆ పెట్టెకు చవక నకళ్లు 1990లలో మన ఊళ్లకు చేరాయి. ఇంట్లో టీవీకి తగిలించి మారియో, కాంట్రా ఆడిన తరం వాటిని ‘టీవీ గేమ్’ అనేది. ఒకే క్యాసెట్‌లో వేల ఆటలున్నాయని గొప్పలు చెప్పుకునే ఆ జాబితా తెర మీదే ఆర్కేడ్ అక్షరాన్ని తెలుగువారిలో ఎక్కువమంది మొదటిసారి చూసి ఉంటారు. అంతకుముందు 1984లో కేంద్రం ప్రారంభించిన ‘క్లాస్’ పథకం కింద కొన్ని బడులకు బ్రిటన్ బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. వాటి అక్షరమూ గళ్లదే.

ఇక్కడ ఒక మాట. ఈ శైలిని వాడుకలో ‘8 బిట్ ఫాంటు’ అంటున్నారు. 8 బిట్ అనేది ప్రాసెసర్ ఒక్కసారికి ఎంత సంఖ్యను నమలగలదో చెప్పే లెక్క. అక్షరానికి దాంతో నేరుగా సంబంధం లేదు. 16 బిట్ యంత్రాల మీదా ఇవే అక్షరాలు నడిచాయి. కానీ పేరు స్థిరపడిపోయింది, ఇక మారదు.

షికాగో

ఆర్కేడ్ అక్షరం ఆటస్థలాల్లో తిరుగుతుండగా, కార్యాలయపు తెర మీద మరో బొద్దు పిక్సెల్ ఫాంటు పుట్టింది. 1984 జనవరిలో విడుదలైన యాపిల్ మెకింటాష్ కోసం చిత్రకారిణి సూసన్ కేర్ గీసిన ‘షికాగో’ అది. స్కూలు స్నేహితుడు, మెకింటాష్ బృందంలో ప్రోగ్రామర్ అయిన ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ పిలుపు మీద ఆమె యాపిల్‌లో చేరారు. గళ్ల కాగితం మీద గుర్తులు గీసి చూపించి ఆ పని సంపాదించారు. మెకింటాష్ తెర తొమ్మిది అంగుళాలు, 512×342 గళ్లు, అన్నీ నలుపో తెలుపో. అంగుళానికి 72 గళ్లు.

షికాగోలోనూ నిలువుకు రెండు గళ్లు, అడ్డానికి ఒకటి. ఆర్కేడ్ అక్షరంతో పెద్ద తేడా వెడల్పులో ఉంది. మెకింటాష్‌లో తెరను పలకలుగా కాక మొత్తం చిత్రంగా గీస్తారు కనుక ప్రతి అక్షరమూ తనకు కావలసినంత చోటే తీసుకోవచ్చు. ‘ఐ’ సన్నగా, ‘ఎం’ వెడల్పుగా. పుస్తకపు అచ్చుకు అలవాటైన కంటికి దీనివల్ల ఎంతో హాయి.

ఆ మందానికి ఇంకో ఉపయోగం కూడా దొరికింది. మెనూలో అప్పటికి పనిచేయని ఆదేశాన్ని బూడిద రంగులో చూపించాలి. తెరకు బూడిద రంగే లేదు. ఒకటి విడిచి ఒకటిగా గళ్లను చెరిపేసి బూడిద భ్రమ కల్పించారు. ఒక గడి మందపు గీతను అలా చెరిపితే అక్షరం తుంపులుతుంపులై చదవరాదు. రెండు గళ్ల నిలువు గీత చెరిపినా తన ఆకారం నిలుపుకుంది. ఆర్కేడ్‌లో టీవీ గొట్టం కోసం వచ్చిన కొలతే ఇక్కడ పూర్తిగా వేరే కారణానికి అక్కరకొచ్చింది.

మెకింటాష్ ఫాంట్లకు మొదట ఫిలడెల్ఫియా శివారు రైలు స్టేషన్ల పేర్లు పెట్టారు. ఊళ్ల పేర్లయితే ప్రపంచంలో గొప్ప నగరాలవే కావాలని స్టీవ్ జాబ్స్ పట్టుబట్టడంతో షికాగో, న్యూయార్క్, జెనీవా, మొనాకో, వెనిస్, లండన్ వచ్చాయి. మెకింటాష్ వ్యవస్థ ఫాంటుగా షికాగో 1997 దాకా కొనసాగింది. 1991లో చార్లెస్ బిగెలో, క్రిస్ హోమ్స్ దానికి ఎంత పెద్దదైనా చేసుకోగల గీతల రూపం ఇచ్చారు. పదేళ్ల తర్వాత, 2001లో, మొదటి ఐపాడ్ చిన్న తెర మీద పాత గళ్ల షికాగోయే మళ్లీ ప్రత్యక్షమైంది. తెర చిన్నదై, గళ్లు తక్కువైన ప్రతి చోటా పాత జవాబే పనికొచ్చింది.

అవసరం శైలిగా మారిన కాలం

అక్షరానికి వంపు తప్పనిసరా అన్న ప్రశ్న కంప్యూటర్ తెర కంటే కొంచెం ముందే వచ్చింది. నెదర్లాండ్స్ రూపకర్త విమ్ క్రౌవెల్ 1967లో ‘న్యూ ఆల్ఫబెట్’ గీశారు. అప్పటి కొత్త ఫొటో అచ్చుయంత్రాల గొట్టపు తెర వంపులను సరిగ్గా చూపలేకపోతోంది; అలాంటప్పుడు నిలువు, అడ్డు గీతలతోనే అక్షరాలు ఎందుకు ఉండకూడదన్నది ఆయన వాదన. అందులో కొన్ని అక్షరాలు ఫలానా అని చెబితే తప్ప పోల్చుకోలేం. దాన్ని ప్రయోగంగానే చేశానని ఆయనా అన్నారు. అయినా 1988లో ఇంగ్లండు బృందం జాయ్ డివిజన్ పాటల సంకలనం ‘సబ్‌స్టెన్స్’ అట్ట మీదికి అది ఎక్కింది.

అసలు మలుపు కాలిఫోర్నియాలో జరిగింది. బ్రాటిస్లావాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ జుజానా లిచ్కో, ఆమె భర్త రూడీ వాండర్‌లాన్స్ 1984లో ‘ఎమిగ్రే’ పత్రిక మొదలుపెట్టారు. మెకింటాష్ కొనుక్కుని లిచ్కో 1985లో ఎంపరర్, ఓక్‌లాండ్, ఎమిగ్రే అనే పిక్సెల్ ఫాంట్లు చేశారు. ఎంపరర్ 8, 10, 15, 19 అంటూ పేరులోనే గళ్ల లెక్క. అప్పటిదాకా వృత్తిలో ఉన్నవారందరూ గళ్లను దాచాలని చూస్తుంటే ఆమె వాటిని పత్రిక శీర్షికల్లో పెద్దవిగా చేసి అచ్చేశారు. తెర కోసం పుట్టిన అక్షరం కాగితం మీద, చదువరి కంటికి కొట్టొచ్చేటంత సైజులో నిలబడింది. పిక్సెల్ అక్షరం ‘డిస్‌ప్లే’ ఫాంటు, అంటే శీర్షికల అక్షరం, అయింది ఇక్కడే. పెద్ద రూపకర్తలు కొందరు దీన్ని ఈసడించుకున్నారు. 2001లో లిచ్కో ఈ ఫాంట్లను ‘లో-రెజ్’ పేరుతో మళ్లీ సర్ది విడుదల చేశారు. 2011లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం తన సేకరణలోకి తీసుకున్న 23 డిజిటల్ ఫాంట్లలో ఓక్‌లాండ్ ఒకటి.

గళ్లను దాచే పనిలోనూ గొప్ప నేర్పు ఉంది. మాథ్యూ కార్టర్ 1996లో మైక్రోసాఫ్ట్ కోసం చేసిన వెర్డానాను ముందు గళ్ల మీదే గీసి, ఆ గళ్ల చుట్టూ తర్వాత వంపు గీతలు తొడిగారు. పైకి మామూలు ఫాంటు, లోపల పిక్సెల్ అస్థిపంజరం.

ఇంటర్నెట్ తొలి రోజుల్లో చిన్న సైజు అక్షరాల కోసం పిక్సెల్ ఫాంట్లు మరోసారి వెల్లువెత్తాయి. జేసన్ కాట్కీ 1999లో చేసిన ‘సిల్క్‌స్క్రీన్’ వాటిలో ఎక్కువ పేరు పొందింది. అంచులను నునుపుచేసే పద్ధతి అన్ని కంప్యూటర్లకూ వచ్చాక ఆ అవసరమూ తీరింది. 2010లో వచ్చిన ఐఫోన్ 4 తెరలో అంగుళానికి 326 గళ్లు. ఎనిమిది గళ్ల అక్షరాన్ని దాని మీద ఉన్నదున్నట్టు పెడితే ఎత్తు 0.62 మిల్లీమీటర్లు, భూతద్దం కావాలి. అందువల్ల ఇవాళ్టి పిక్సెల్ ఫాంటులో కనిపించే గడి నిజం గడి కాదు, గడి బొమ్మ. తెర మీది పదుల గళ్లు కలిసి ఒక పాతకాలపు గడి వేషం కడతాయి.

ఇప్పటి ఫాంట్లు, తయారీ

ఈ వేషధారుల్లో అందరికంటే పేరున్నది ‘ప్రెస్ స్టార్ట్ 2పి’. కోడ్‌మ్యాన్38 అనే పేరుతో పనిచేసే రూపకర్త 1980ల నామ్కో ఆటల అక్షరాల ఆధారంగా చేశారు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా, స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతుంది. లాటిన్‌తో పాటు గ్రీకు, సిరిలిక్ లిపులున్నాయి. ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు, పాత పలక లాగే. పీటర్ హల్ చేసిన ‘విటి323’ దీనికి సన్నని తమ్ముడి లాంటిది, పాత టెర్మినల్ తెరను తలపిస్తుంది. జపాన్ అక్షరాలతో సహా వచ్చిన ‘డాట్‌గోథిక్16’ 16 గళ్లది.

తయారీ చూడ్డానికి సులువు. గళ్లు నింపడమేగా అనిపిస్తుంది. ఫాంటు ఫైలులో మాత్రం గళ్లుండవు, గీతలుంటాయి. అక్షరపు ఎత్తును సాధారణంగా 1000 యూనిట్లుగా తీసుకుంటారు. ఎనిమిది గళ్లయితే గడికి 125 యూనిట్లు. పక్కపక్క గళ్లను విడివిడి చదరాలుగా వదిలేస్తే పెద్ద సైజులో వాటి మధ్య వెంట్రుకవాసి సందులు తేలతాయి. కలిపి ఒకే ఆకారంగా చేయాలి. మూలలు మాత్రమే తాకే రెండు గళ్లున్నచోట గీత ఎటు తిరగాలో సాఫ్ట్‌వేర్‌కు అనుమానం వస్తుంది, అక్కడ చేత్తో సరిచేయక తప్పదు.

వాడేవారు పాటించాల్సినదీ ఒకటుంది. ఎనిమిది గళ్ల ఫాంటును 8, 16, 24 ఇలా ఎనిమిది గుణిజాల సైజులోనే పెట్టాలి. 13లోనో 20లోనో పెడితే గడి అంచు తెర గడి అంచుతో కలవదు. కొన్ని గీతలు మందంగా, కొన్ని పలచగా, అంచులన్నీ మసకగా తయారవుతాయి. పిక్సెల్ ఫాంటు చెడుగా కనిపించిందంటే నూటికి తొంభై సార్లు తప్పు ఇదే. కాగితం మీది అచ్చుకు ఈ బాధ దాదాపు లేదు.

ఎక్కడ వాడుతున్నారు

ఆటలది మొదటి స్థానం. పిక్సెల్ బొమ్మలతో చేసే చిన్న సంస్థల ఆటలకు ఇది ఇంటి భాష. మైన్‌క్రాఫ్ట్ మెనూల అక్షరం గళ్లదే. షవెల్ నైట్ (2014), స్టార్‌డ్యూ వ్యాలీ (2016) కూడా. అండర్‌టేల్ (2015)లో ఒక సరదా ఉంది. శాన్స్, పపైరస్ అనే అన్నదమ్ముల పాత్రలు కామిక్ శాన్స్, పపైరస్ అనే మామూలు ఫాంట్ల గళ్ల రూపాల్లోనే మాట్లాడతాయి. అక్షరరూపమే పాత్ర గొంతు.

ఆటల బయట పాటల ఆల్బం అట్టలు, కోడింగ్ పోటీల పోస్టర్లు, కళాశాలల సాంకేతిక ఉత్సవాల బ్యానర్లు, టీషర్టులు, స్టికర్లు. నాలుగు మాటల శీర్షికకు, స్కోరుకు, బటన్ మీది ఒక్క పదానికి ఈ బొద్దు అక్షరం చక్కగా నప్పుతుంది. రెండు వాక్యాలు దాటితే కన్ను అలసిపోతుంది. పేరా మొత్తం ప్రెస్ స్టార్ట్‌లో పేర్చిన పేజీలు కనిపిస్తూనే ఉంటాయి. వాటిని చివరిదాకా చదివినవారు అరుదు. చూపు మందగించినవారికీ, అక్షరాలు పోల్చుకోవడం కష్టమైనవారికీ అది పూర్తిగా అడ్డుగోడ.

తెలుగు, గళ్లు

తెలుగు తొలి కంప్యూటర్ల తెర మీదికి ఎందుకు రాలేదో ఒక చిన్న లెక్క చెబుతుంది. 36 హల్లులకు ఒక్కొక్కదానికి 15 గుణింత రూపాలు వేసుకుంటే 540 ఆకారాలు. ఎనిమిది గళ్లలో తెలుగు ఇమడదు కనుక 16×16 తీసుకుంటే ఆకారానికి 32 బైట్లు, మొత్తం 17,280. ఒత్తులు ఇంకా మొదలే కాలేదు. చవక రకం స్పెక్ట్రమ్‌లో వాడుకోవడానికి వీలున్న మెమరీ అంతా కలిపి 16 కిలోబైట్లు, అంటే 16,384. అక్షరాలే యంత్రం కంటే పెద్దవయ్యాయి.

విడి భాగాలుగా పేర్చుకోవచ్చు కదా అంటే, జపాన్‌లో ఆ దారే తొక్కారు. తొలి ఫామికామ్ ఆటల్లో కనా అక్షరం పైన పెట్టే చిన్న గుర్తును విడి పలకగా పై వరుసలో వేసేవారు. తెలుగు ఒత్తులను కింది వరుస పలకల్లో అలాగే వేయొచ్చు. గుడి, ఏత్వం లాంటివి మాత్రం తలకట్టును తొలగించి దాని చోట కూర్చుంటాయి; ఉత్వం కొన్ని హల్లులకు ఒకలా, కొన్నింటికి మరోలా తగులుతుంది. పలకల పద్ధతికి ఇది లొంగదు. 1980లలో ఐఐటీ కాన్పూర్‌లో మొదలై తర్వాత సీ-డాక్ చేతికి వచ్చిన జిస్ట్ కార్డు ఈ చిక్కును ప్రత్యేక హార్డ్‌వేర్‌తో విప్పింది. దానివల్ల డాస్ కంప్యూటర్ల తెర మీద భారతీయ లిపులు కనిపించాయి. ఆ వెంటనే డీటీపీ వచ్చింది, వంపు గీతల ఫాంట్లు వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన పోతన, వేమన, గిడుగు, మండలి, రామరాజ లాంటి తెలుగు ఫాంట్లన్నీ కలం, కుంచె, అచ్చు సంప్రదాయాల్లోంచి వచ్చినవే.

గళ్లలో తెలుగు పూర్తిగా లేదని కాదు. 1998లో రోమన్ చిబోరా మొదలుపెట్టిన గ్నూ యూనిఫాంట్‌లో యూనికోడ్‌లోని లిపులతో పాటు తెలుగు గుర్తులూ 16 గళ్ల ఎత్తులో ఉన్నాయి. అయితే అక్కడ గుర్తులు విడివిడిగానే ఉంటాయి, సంయుక్తాక్షరం కట్టుకోదు. మనకు రోజూ ఎదురయ్యే గళ్ల తెలుగు వేరే చోట ఉంది: రైల్వే స్టేషన్ సూచికల మీద, సిటీ బస్సు నుదుటి మీద, మందుల షాపు ముందు పాకే ఎర్ర అక్షరాల్లో. ఈ బోర్డుల్లో విరివిగా వాడే పీ10 పలకలో అడ్డంగా 32, నిలువుగా 16 దీపాలు, దీపానికి దీపానికీ 10 మిల్లీమీటర్లు. అంటే పదహారు వరుసల్లో తెలుగు. చాలా చోట్ల కాగితం మీది అచ్చుకు చేసిన ఫాంటును యథాతథంగా ఆ పదహారు వరుసల్లోకి కుక్కుతారు. విజయవాడ, తిరుపతి, కాచిగూడ వంటి ఒత్తు లేని పేర్లు ఎలాగో గట్టెక్కుతాయి. సికింద్రాబాద్, రాజమహేంద్రవరం, విశాఖపట్నం దగ్గర ఒత్తుకు చోటివ్వడానికి అక్షరం మొత్తం కుంచించుకుపోయి, ‘ంద్రా’ ఒక వెలుగు ముద్దగా మారుతుంది.

తెలుగులో ఒక్క గడి విలువ ఇంగ్లీషులో కంటే చాలా ఎక్కువ. ‘ద’ అడుగున చిన్న గీత పెడితే ‘ధ’, దాని కడుపులో చుక్క కూడా పెడితే ‘థ’. ‘ర’ కడుపులో చుక్క ‘ఠ’. ‘వ’కు తలకట్టు అంటుకుని ఉంటుంది, ‘ప’కు విడిగా ఉంటుంది, ఆ సందు పూడితే పాట వాట అవుతుంది. బొద్దు గీతలతో ఈ తేడాలు నిలపాలంటే ఎంత చోటు కావాలి? ‘థ’ పొట్టకు రెండు పక్కలా రెండేసి గళ్లు, నడుమ చుక్కకు రెండు, చుక్కకు అటూ ఇటూ ఖాళీ ఒక్కొక్కటి: ఎనిమిది. ఇంగ్లీషు అక్షరానికి మొత్తంగా దొరికిన పలక, ఇక్కడ ఒక పొట్టకే సరి. దాని పైన తలకట్టో గుడో, కింద ఒత్తు. నిలువున ఎనిమిది అక్షరానికి, పైన నాలుగయిదు, కింద ఏడెనిమిది పోతే 20 అటూఇటూ అవుతుంది. కాబట్టి పదహారు వరుసల్లో ఒక గడి మందపు సన్నని తెలుగు సాధ్యమే కానీ, ఆర్కేడ్ తరహా బొద్దు తెలుగుకు 24 వరుసలు కావాలన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. దీపాల బోర్డుకు సన్ననిదే మంచిది కూడా. దీపం వెలుగు దూరం నుంచి చూసినప్పుడు పక్కలకు పాకుతుంది; గొట్టపు టీవీలో అక్షరాన్ని కాపాడిన మందం ఇక్కడ సందులను మింగేస్తుంది. బొద్దు తెలుగు పిక్సెల్ ఫాంటుకు తగిన చోటు పోస్టరు, ఆటల శీర్షిక.

ఆటల్లో ఇంకో అడ్డంకి ఉండేది. విరివిగా వాడే యూనిటీ ఇంజన్‌లోని టెక్స్ట్‌మెష్ ప్రో భారతీయ లిపుల ఒత్తులను తనంతట తాను కూర్చలేదు. తెలుగు శీర్షికను బొమ్మగా చేసి అతికించడం సులువైన దారి. 2023లో వచ్చిన గోడో 4 ఇంజన్ అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ సాఫ్ట్‌వేర్‌ను వాడుకుంటుంది కనుక అందులో తెలుగు తెలుగులాగే కూర్చుంటుంది. ఇక బొద్దు తెలుగు ఫాంటు తయారీ సంగతి. 24 వరుసలకు 1000 యూనిట్లు సమంగా భాగించుకోవు కాబట్టి ఫాంటు ఎత్తు 1200 తీసుకుని గడికి 50 యూనిట్లు లెక్కవేసుకోవాలి. ఒత్తు ఎక్కడ తగలాలో ఫాంటులో రాసే ప్రతి స్థానమూ 50 గుణిజమే కావాలి. ఒక్కటి తప్పినా ఆ ఒత్తు సగం గడి పక్కకు జరిగి, మిగతా వాక్యమంతా గీత మీద నిలబడి ఉండగా అదొక్కటి వేలాడుతుంది.